వాంగ్‌ఛూ నీరు – హుగ్లీ తీరపు దీపము

కలకత్తా నగరమునకు దక్షిణమున, హుగ్లీ నది తూర్పు ఒడ్డున నున్న బడ్జ్ బడ్జ్ చిన్న పట్టణమే యైనను చరిత్రలో దాని పేరు పలుమార్లు వినవచ్చును. 1756 డిసెంబరు చివర మద్రాసునుండి ఓడలలో వచ్చిన క్లైవు సేన ఇచ్చటి కోటను పట్టుకొనెను. అట్లు దక్షిణమునుండి వచ్చిన సిపాయిలను వంగదేశీయులు ‘తెలింగాలు’ అని పిలిచిరి. కొంత కాలమునకు ఆ మాట వారి వాడుకలో సిపాయి అను మాటకే మారుపేరైనది. 1897 ఫిబ్రవరిలో వివేకానందస్వామి విదేశయాత్ర ముగించుకొని, మద్రాసులో ఓడనెక్కి ఈ రేవుననే దిగి, ప్రత్యేకమైన రైలులో సియాల్దాకు వెడలెను. 1914 సెప్టెంబరు 29వ తేదీన కొమగాటా మారు ఓడలో వచ్చిన పంజాబు ప్రయాణికులపై తుపాకులు ప్రేలినదియు ఇచ్చటనే.

ఇవి గ్రంథములలోని సంగతులు. వంగదేశపు పల్లెలు మాత్రము ఈ పట్టణమును మరియొక విధముగ ఎరుగును. పందొమ్మిదవ శతాబ్దము చివరి భాగమునుండి ఓడలలో వచ్చు కిరోసిను నూనెను నిలువచేయు తొట్లు ఇచ్చట వెలసినవి. దీపము ముందు కూర్చుండి పాఠము వల్లెవేయు పల్లె బాలునకు బడ్జ్ బడ్జ్ ఎచ్చట నున్నదో తెలియకపోవచ్చును. అతని లాంతరులోని నూనె ఈ రేవు గుండ వచ్చినదే కావచ్చును. వెలుగునకును ఈ పట్టణమునకును గల సంబంధము అంత పాతది.

పైన చెప్పిన 1897వ సంవత్సరమే విద్యుచ్ఛక్తి విషయమున కూడ వంగదేశమునకు ముఖ్యమైనది. ఆ ఏడు జనవరిలో కలకత్తా నగరమునకు విద్యుత్తు సరఫరా చేయుటకు లైసెన్సు మంజూరయ్యెను. కలకత్తా ఎలెక్ట్రిక్ సప్లై కార్పొరేషను ఏర్పడెను. 1899లో ఇమామ్‌బాగ్ వీధిలో బొగ్గుతో నడచు తొలి కేంద్రము పని మొదలిడెను. అదే 1897 నవంబరులో డార్జిలింగు చేరువ సిద్రపాంగ్ అను చోట కొండవాగుల నీటితో 130 కిలోవాట్ల చిన్న కేంద్రము ప్రారంభమయ్యెను. భారతదేశమున జలవిద్యుత్తునకు అదియే శ్రీకారము. ఒకే ఏట రెండు మార్గములు తెరువబడినవి: మైదానమున బొగ్గు, కొండపై నీరు. శతాబ్దము తరువాత ఈ రెండు మార్గములు ఒకే తీగపై కలిసిన విధమును తెలిసికొనవలెనన్న, బొగ్గు మండు బడ్జ్ బడ్జ్ నుండి బయలుదేరి, నీరు దుముకు భూటాన్ వరకు పోవలెను.

బడ్జ్ బడ్జ్ చేరువ పూజాలీ వద్ద ఆ కార్పొరేషను వారసులు నెలకొల్పిన తాపవిద్యుత్కేంద్రము కలదు. ఒక్కొక్కటి 250 మెగావాట్ల యంత్రములు మూడు. మొదటి రెండును 1990వ దశకము చివరను, మూడవది 2010 ప్రాంతమునను పనికి వచ్చినవి. రైలులో వచ్చిన బొగ్గు హుగ్లీ ఒడ్డున మండి, కలకత్తా, హౌరా నగరములకు వెలుగు నిచ్చుచున్నది. ఈ పొగగొట్టములనుండి సూటిగా ఉత్తరమునకు సుమారు అయిదువందల కిలోమీటర్ల దూరమున భూటాన్ పర్వతములు లేచును.

భూటాన్ వైశాల్యము సుమారు 38,000 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య ఎనిమిది లక్షలకు లోపు. దక్షిణపు పొలిమేరలో సముద్రమట్టమునకు కొన్ని వందల మీటర్లు మించని నేల, ఉత్తరపు పొలిమేరలో ఏడువేల మీటర్లు మించిన మంచుశిఖరములు. ఈ రెంటికిని నడుమ దూరము రెండువందల కిలోమీటర్లు కూడ లేదు. జలవిద్యుత్తునకు కావలసినవి రెండే: నీరు, ఆ నీరు పడుటకు ఎత్తు. ఈ రెండును ఇంత ఇరుకైన చోట ఇంత సమృద్ధిగ కలిసిన దేశములు లోకమున అరుదు. ఆ నదులనుండి 30,000 మెగావాట్లకు మించి శక్తిని తీయవచ్చునని అంచనా. కాని నీరు ఉన్నంత మాత్రమున దీపము వెలుగదు. యంత్రము కావలెను, ధనము కావలెను, నిపుణులు కావలెను, అన్నిటికంటె ముందు యంత్రమును చేర్చుటకు దారి కావలెను. అరువది ఏండ్ల క్రిందట భూటానున కివి ఏవియు లేవు.

1958 సెప్టెంబరులో ప్రధాని జవహర్లాల్ నెహ్రూ భూటానునకు పోయినపుడు ఆ దేశమున మోటారు దారి లేదు. అరువదియెనిమిదేండ్ల వయస్సున ఆయన నాథూలా కనుమ దాటి, చుంబీ లోయ గుండ గుఱ్ఱముపైనను, ఎడ్లవంటి యాకులపైనను సాగి పారో చేరెను. రాజు జిగ్మే దోర్జీ వాంగ్‌చుక్. 1949 ఆగస్టు 8వ తేదీన డార్జిలింగులో ఉభయదేశముల మైత్రీ సంధి జరిగియే యున్నది. ఈ యాత్ర ఆ కాగితమునకు ప్రాణము పోసెను. 1961లో భూటాన్ తన మొదటి పంచవర్షప్రణాళికను ప్రారంభించెను. భారతీయ ఇంజనీర్లు ఫుంత్షోలింగ్ నుండి లోనికి దారి తొలిచిరి. ఆ ఏడే జల్ఢాకా నదిపై పశ్చిమవంగ రాష్ట్రము కట్టనున్న విద్యుత్కేంద్రమును గూర్చి ఉభయదేశములకు ఒప్పందము కుదిరెను. ఆ కేంద్రమునుండి దక్షిణ భూటానునకు కొంత విద్యుత్తు అందినది. అనగా సరిహద్దు దాటిన తొలి తీగ ఉత్తర వంగమునుండి కొండకు పోయినదేగాని, కొండనుండి వచ్చినది కాదు.

1966లో ఫుంత్షోలింగులో చిన్న డీజిలు యంత్రము వచ్చెను. 1967లో రాజధాని థింఫూలో 360 కిలోవాట్ల జలవిద్యుత్కేంద్రము నెలకొన్నది. సిద్రపాంగు కేంద్రమునకు అది మూడింతలు కూడ కాదు. ఏడు దశాబ్దములు వెనుకబడిన యీ దేశము, మరి రెండు దశాబ్దములలో తన పొరుగువానికి విద్యుత్తు అమ్మగలదని నాడు ఎవరు తలచి యుందురు?

ఆ మార్పునకు కారణము చుఖా. 1974 మార్చి 23వ తేదీన భారత భూటాన్ ప్రభుత్వములు చుఖా జలవిద్యుత్పథకమును గూర్చి ఒప్పందముపై సంతకములు చేసినవి. దాని షరతులు గమనింపదగినవి. వ్యయమంతయు భారతదేశమే పెట్టును. అందు నూటికి 60 పాళ్ళు తిరిగి ఈయనక్కరలేని విరాళము, 40 పాళ్ళు అయిదు రూపాయల వడ్డీపై ఋణము. కేంద్రమును భారతీయులు కట్టి భూటానున కప్పగింతురు. భూటాన్ తనకు కావలసినంత వాడుకొని మిగిలినదంతయు భారతదేశమునకు అమ్మును. భారతదేశము దానినంతను కొనును. ఇచ్చువాడు, కట్టువాడు, కొనువాడు ఒక్కడే. నది మాత్రము భూటానుది.

థింఫూ ప్రక్కనుండి దిగివచ్చు వాంగ్‌ఛూ నదిపై చుఖా వద్ద నలువది మీటర్ల ఆనకట్ట కట్టిరి. ఇది నాగార్జునసాగరము వలె సముద్రమును నిలిపిన కట్ట కాదు. నదిని ఒకింత ఆపి, ఆరు కిలోమీటర్లకు మించిన సొరంగములోనికి మరలించి, నాలుగువందల మీటర్లకు పైబడిన ఎత్తునుండి కొండ కడుపులో తొలిచిన యంత్రశాలపై పడవేసి, మరల నదిలోనికే విడుచుట. నీరు ఖర్చు కాదు. దాని పతనమే పనిచేయును. ఊళ్ళు మునుగవు. అయితే నిలువనీరు లేనందున నది ఎంత తెచ్చిన అంతయే ఫలము. ఈ సంగతి ముందు మరల అవసరమగును. ఒక్కొక్కటి 84 మెగావాట్ల యంత్రములు నాలుగు, మొత్తము 336 మెగావాట్లు. సుమారు 246 కోట్ల రూపాయల వ్యయముతో సాగిన యీ పనిలో 1986లో తొలి యంత్రములు తిరిగెను. 1988 నాటికి అన్నియు సిద్ధమయ్యెను. 1991లో కేంద్రము భూటాన్ పరమయ్యెను.

చుఖానుండి 220 కిలోవోల్టుల తీగలు కొండ దిగి, ఉత్తర వంగమునందలి బీర్‌పారా చేరినవి. అచ్చటినుండి ఆ శక్తి తూర్పు రాష్ట్రములకు పంపకమయ్యెను. ఇందొక వింత కలదు. వాంగ్‌ఛూ కొండ దిగి వంగదేశమున రాయడాక్ అను పేర ప్రవహించి బ్రహ్మపుత్రలో కలియును. దాని నీటిబొట్టు ఒక్కటియు హుగ్లీకి రాదు. కాని దాని బలము మాత్రము తీగల వెంట తూర్పు భారతమంతట వ్యాపించును. ప్రకృతి వేరు చేసిన రెండు నదులను మనుష్యులు వ్రాసికొన్న ఒప్పందము కలిపినది.

ఇట్టి ఏర్పాటు తెలుగువారికి పూర్తిగ క్రొత్తది కాదు. విశాఖ మన్యమునకును ఒరిస్సాకును సరిహద్దుగ పారు మాచ్‌ఖండ్ నది, దుడుమ జలపాతముగ దుముకు చోట, మద్రాసు ఒరిస్సా ప్రభుత్వములు కలిసి విద్యుత్కేంద్రమును తలపెట్టినవి. నడుమ ఆంధ్రరాష్ట్రము వేరుపడెను. ఐనను ఒప్పందము చెడలేదు. 1955లో విద్యుత్తు ఉత్పత్తి మొదలై, విశాఖపట్టణము మొదలుగ కోస్తా జిల్లాలకు వెలుగు వచ్చినది. ఆంధ్రమునకు 70 పాళ్ళు, ఒరిస్సాకు 30 పాళ్ళు అని పంపకము. ఈ పాళ్ళు న్యాయమా, సమభాగము కావలదా అను చర్చ దశాబ్దముల పాటు సాగినది. చర్చ సాగినంత కాలమును యంత్రములు తిరుగుచునే యున్నవి. సోదరులవలె ఒకే దేశమున నున్న రాష్ట్రములకే వాటా తేల్చుకొనుట కష్టమైనపుడు, ఒకరు మిక్కిలి పెద్దయు, ఒకరు మిక్కిలి చిన్నయు నైన రెండు దేశముల నడుమ అది ఎంత సున్నితమో ఊహింపవచ్చును.

చుఖా భూటానునకు చేసిన మేలు స్వల్పము కాదు. తోటలు, అడవులు తప్ప వేరు రాబడి లేని దేశమునకు ప్రతి ఏట నిశ్చితమైన ఆదాయము లభించెను. ఆ ధనము పాఠశాలలుగ, వైద్యశాలలుగ మారెను. ఒకప్పుడు సాయంకాలమైనచో పొయ్యిమంటయే దీపమైన పల్లెలలో నేడు దాదాపు ప్రతి గృహమునను విద్యుద్దీపమున్నది. ఈ అనుభవము తరువాతి పథకములకు దారి చూపెను. తూర్పు భూటానులో 60 మెగావాట్ల కురిఛూ కేంద్రము 2001–2002లో వచ్చెను. చుఖాకు దిగువన అదే నదిపై 1,020 మెగావాట్ల తాలా కేంద్రమును గూర్చి 1996లో ఒప్పందము జరిగి, 2006–2007లో ఆరు యంత్రములును పనిచేసినవి. దాని సొరంగము పొడవు సుమారు 23 కిలోమీటర్లు. తాలా శక్తి సిలిగురి చేరి, అచ్చటినుండి ఢిల్లీ దిక్కునకు వేసిన పెద్ద తీగలలో కలిసెను.

ఇక ధర మాట. చుఖా తొలినాళ్ళలో యూనిటునకు చెల్లించినది అర్ధరూపాయకు తక్కువ. భూటాన్ పలుమారు కోరగ అది క్రమముగ పెరిగి 2017లో 2 రూపాయల 55 పైసలయ్యెను. కొనువాడు ఒక్కడే యైనపుడు అమ్మువాని మాటకు బలము తక్కువ. ఇది సంతలో కూరగాయలమ్ము వారికిని తెలిసిన సత్యము. పెట్టుబడి యంతయు కొనువానిదే యైనపుడు ధర తక్కువగ నుండుటయు అన్యాయము కాదని భారతీయుల సమాధానము. రెండు మాటలలోను నిజమున్నది. చుఖా ఘనత ఏమనగ, ఆ రెండు నిజములును ఇముడునట్టి షరతులపై అది నిలిచినది. కష్టమును, నష్టభయమును పెద్దవాడు మోసెను; చిన్నవాడు ఋణము తీర్చగలిగెను.

తరువాతి కాలమున ఈ తూకము మారినది. 2007లో ఒప్పందమైన 1,200 మెగావాట్ల పునాత్సాంగ్‌ఛూ మొదటి పథకమునకు విరాళము 40 పాళ్ళు, ఋణము 60 పాళ్ళు. 2010లో ఒప్పందమైన పునాత్సాంగ్‌ఛూ రెండవ పథకమునకును, మాంగ్‌దేఛూ పథకమునకును విరాళము 30, ఋణము 70. వడ్డీ నూటికి పది. 2020 నాటికి 10,000 మెగావాట్లు సాధింతుమని ఉభయ ప్రభుత్వములు సంకల్పము చెప్పుకొన్నవి. ఆ ఏడు వచ్చునప్పటికి భూటానులో నున్నది సుమారు 2,300 మెగావాట్లు మాత్రమే.

కొండ తన లెక్కను తానే చెప్పెను. 2013లో పునాత్సాంగ్‌ఛూ మొదటి ఆనకట్ట స్థలమున కుడిగట్టు కొండచరియ జారెను. ఎంత బిగించినను ఆ నేల నిలువలేదు. 3,515 కోట్లని మొదట వేసిన అంచనా 9,300 కోట్లు దాటెను. రెండవ పథకము కూడ ఆలస్యమై 2024 డిసెంబరు మొదలు 2025 లోగ పనిలోనికి వచ్చెను; మొదటి దాని ఆనకట్ట పనిని తిరిగి చేపట్టుటకు ఉభయదేశములు 2025 నవంబరులో అంగీకరించినవి. ఇంతలో వడ్డీ ఆగదు. భూటాన్ విదేశీఋణములో సగమునకు పైగా జలవిద్యుత్తునకు చేసినదే. యంత్రము తిరుగక మునుపే వడ్డీ తిరుగుట ఏ చిన్న గృహస్థునకైనను బరువే. చిన్న దేశమునకు చెప్పనేల? అయితే అన్నియు ఇట్లే యైనవని తలచరాదు. 720 మెగావాట్ల మాంగ్‌దేఛూ 2019 ఆగస్టులో ప్రారంభమై చక్కగ నడచి, 2020లో బ్రిటిషు సివిలు ఇంజనీర్ల సంస్థవారి బ్రునెల్ పతకమును పొందినది. దాని విద్యుత్తునకు యూనిటుకు 4 రూపాయల 12 పైసల ధర నిర్ణయమయ్యెను.

నిలువనీరు లేని కేంద్రములను గూర్చి పైన చెప్పిన మాట ఇచ్చట తలంపునకు తెచ్చుకొనవలెను. జ్యేష్ఠము మొదలు ఆశ్వయుజము వరకు వానయు, కరిగిన మంచును కూడి భూటాన్ నదులు పొంగును. యంత్రములన్నియు నిండుగ తిరుగును. తన అవసరమునకు ఎన్నో ఇంతలు మిగులును. పుష్యమాఘములలో మంచు గడ్డకట్టును, నదులు సన్నగిలును, ఉత్పత్తి నిండు శక్తిలో అయిదవ వంతు ప్రాంతమునకు దిగును. సరిగా అప్పుడే గదులు వెచ్చబెట్టుకొనుటకు భూటాన్ వాసులకు విద్యుత్తు ఎక్కువ కావలెను. పరిశ్రమలు పెరిగిన ఇటీవలి ఏండ్లలో ఆ లోటు మరియు పెరిగినది. గావున వానకాలమున అమ్మిన దేశమే చలికాలమున భారతీయ విద్యుద్విపణిలో కొనుచున్నది. ఆ కాలమున ఆ తీగలపై కొండనెక్కు శక్తిలో పెద్ద భాగము బొగ్గునుండి పుట్టినదే.

బడ్జ్ బడ్జ్ వంటి కేంద్రముల స్థానము ఇచ్చట తెలియవచ్చును. తీగలన్నియు ఒకదానితో నొకటి అల్లుకొన్న తరువాత ఏ కేంద్రపు శక్తి ఏ దీపమున వెలిగెనో ఎవరును విడదీసి చెప్పజాలరు. పొంగిన నది తెచ్చిన శక్తి వచ్చినపుడు మైదానమున కొంత బొగ్గు మిగులును. నది సన్నగిలినపుడు ఆ బొగ్గే కొండకు వెచ్చదనమగును. 1897లో వేరువేరుగ తెరువబడిన రెండు మార్గములు ఇట్లు కలిసినవి. ఒకటి దానము, ఒకటి గ్రహణము అని చెప్పుటకు వీలులేదు. ఆరు నెలలకొకమారు చేతులు మారుచున్నవి.

తీగలే కాదు, నీరును ఉభయులకు ఉమ్మడి. 1994 అక్టోబరు 7వ తేదీన లుగ్గే అను మంచుసరస్సు గట్టు తెగి, ఆ వరద పునాఖా వరకు దుముకగ ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. 2025 అక్టోబరు 5వ తేదీన మహావర్షము కురియుచుండగ తాలా ఆనకట్ట తలుపులు తెరుచుకొనక నీరు కట్టపైనుండి పొర్లినది. భూటాన్ అధికారులు వెంటనే పశ్చిమవంగమును హెచ్చరించిరి. మంచు త్వరగ కరుగుచున్న యీ కాలమున, ఇట్టి హెచ్చరిక గడియ ముందు వచ్చుట యూనిటు ధరకంటె విలువైనది. భూటాన్ తన రాజ్యాంగమున దేశములో నూటికి 60 పాళ్ళు భూమి ఎప్పటికిని అడవిగ నుండవలెనని వ్రాసికొన్నది. ఆ అడవి నదిని కాపాడును. నది యంత్రమును కాపాడును. కొండపై చెట్టు నిలిచియుండుట మైదానవాసులకును లాభమే.

ఈ బాట మరికొందరికిని మార్గదర్శకమైనది. 2024 నవంబరులో నేపాలు విద్యుత్తు 40 మెగావాట్లు భారతదేశపు తీగల గుండ బంగ్లాదేశము చేరెను. తనకు ఎత్తు లేని దేశము, తనకు సముద్రము లేని దేశము, నడుమ దారి ఇచ్చిన దేశము: మువ్వురును లాభపడిరి. నాడు గుఱ్ఱములు దాటిన కనుమలకు క్రిందుగ నేడు తీగలు దాటుచున్నవి.

చుఖానుండి ఇప్పటి వరకు గడచిన అర్ధశతాబ్దము చెప్పు పాఠము ఒక్కటే. పొరుగువారి సహకారము యంత్రముల పెద్దతనము వలన నిలువదు. షరతుల న్యాయము వలన నిలుచును. పెద్దవాడు నష్టభయమును ఎక్కువ మోసినపుడు పని సులభముగ సాగినది. భారము చిన్నవానిపైకి జరిగినపుడు, కొండచరియ ఒకటి జారినను ఇల్లంతయు కదలినది. ఇచ్చువాడు పుచ్చుకొనువాడు కూడ నగునని తెలిసినపుడే ఆ న్యాయము నిలకడగ నుండును.

బడ్జ్ బడ్జ్ లో సంధ్యవేళ గృహిణి మీట నొక్కును. పిల్లలు పుస్తకములు తెరుతురు. ఒకనాడు ఈ రేవునుండి పోయిన నూనెతో వెలిగిన లాంతరుల స్థానమున నేడీ దీపమున్నది. అది ఆషాఢమాసమైనచో ఆ వెలుగులో, ఈ ఊరి మొగము ఎన్నడును చూడని వాంగ్‌ఛూ బలము కొంత కలిసియుండును. మాఘమైనచో థింఫూలోని యొక గదిలో, ఈ మైదానమున మండిన బొగ్గు వేడిమి కొంత చేరియుండును.